పాలిష్ కింది బొట్టు

"ఒక్క సారీ చెప్తే కథ ఖతం మేడం. మీరు గీ డిటెక్టివ్ పని చేసుడు గూడ అవసరం పడదు."

కులాసా ఫర్నిచర్స్ యజమాని భూమేష్ సేఠ్ నా ముందుకు చాయ్ కప్పు జరిపాడు. నేను దాన్ని మళ్లీ ఆయన ముందుకే జరిపాను. ఒకరి చాయ్ తాగి వాళ్లనే నిలదీయడం నాకు చేతకాదు. ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసినన్నాళ్లూ ఈ చాయ్ దగ్గరే నాకు పేచీ వచ్చేది. చివరికి ఉద్యోగం పోయింది గానీ అలవాటు పోలేదు. ఇప్పుడు నిజామాబాద్ రైల్వే స్టేషన్ రోడ్డులో, ఒక జిరాక్సు షాపు పైగదిలో 'పుష్పలత డిటెక్టివ్ ఏజెన్సీ' అని బోర్డు పెట్టుకున్నాను. చాయ్ నా డబ్బులతో నేనే తాగుతున్నాను.

"సారీ ఎవరు చెప్పాలి సేఠ్?"

"ఇంకెవలు? రేణుకమ్మ. నా దుకాన్ ముంగట నిలబడి ఒర్లింది. 'గీన్నించి మంచం కొంటే మీ మొగోళ్ల నడుములు ఇరుగుతయి' అని అచ్చే గిరాకీని ఎల్లగొట్టింది. నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఆమె మొగుడి నడుము నిజంగానే ఇరిగింది కదా."

సేఠ్ మొహం ముడుచుకున్నాడు. ఆయన వెనక గోడ నిండా కొత్త మంచాలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోటి అద్దంలా మెరుస్తోంది.

సంగతి ఇది. రేణుకమ్మ బీడీలు చుట్టి బతికే మనిషి. ఆమె భర్త రాజనర్సుకు తుంటి ఎముక ఆపరేషన్ అయింది. నేల మీద పడుకోవద్దని డాక్టర్ చెప్తే ఈ షాపులో కొత్త మంచం కొన్నది. మంచం ఇంటికొచ్చిన మర్నాడు కిర్రుమనడం మొదలుపెట్టిందట. కోడు కింద అట్టముక్క పెట్టి సరిచేసుకుంది. ఆ మర్నాడు తెల్లారి రాజనర్సు లేవబోతుంటే కోడు విరిగింది, మనిషి కింద పడ్డాడు, అతికిన ఎముక మళ్లీ విరిగింది. ఇప్పుడు దవాఖానలో ఉన్నాడు. కూతురు పక్కన ఉండి చూసుకుంటోంది.

రేణుకమ్మ ఊరుకునే రకం కాదు. షాపు ముందుకొచ్చి గొంతెత్తింది. సేఠ్ నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయి ఫిర్యాదు చేశాడు. ఏమని? కోడును రేణుకమ్మే రంపంతో కోసి, నింద షాపు మీద వేస్తోందని! ఎస్సై రెండు పక్కలా విని, సాయంత్రం ఐదింటికల్లా రాజీ పడండి, లేకపోతే కేసు రాస్తానన్నాడు. రాజీ అంటే రేణుకమ్మ ఈ షాపు ముందు నిలబడి, పదిమంది వింటుండగా తప్పయిందని చెప్పడం.

చెప్తే ఏమవుతుంది? మొగుడు పడుకున్న మంచం కోడు కోసిన ఆడదని పేరు పడుతుంది. ఆ పేరు ఆమెతో పాటు కాటి దాకా వస్తుంది. ఇప్పటికే ఆడబిడ్డ దవాఖానకు వచ్చి, "గామె తెచ్చిన బువ్వ తినకు అన్నా" అన్నదట. ఆ ముక్క నాకు చెప్పేటప్పుడు కూడా రేణుకమ్మ ఏడవలేదు. "సారీ మాత్రం చెప్ప చెల్లె. జైల్ల ఏస్తె ఏసుకోమను" అన్నది. ఆ ఒక్క మాటకే ఈ కేసు ఒప్పుకున్నాను.

నేను ఫోన్ బల్ల మీద పెట్టి రికార్డు నొక్కాను. "అభ్యంతరమా సేఠ్?"

"నాకేం భయం? చేసుకోండ్రి."

"ఆ మంచం ఎక్కడ తయారైంది?"

"బోధన్‌ల మా గోదాం ఉంది. అన్ని ఆడ్నే తయారయితయి. పాలిష్ గూడ ఆడ్నే."

"కొత్తదేనా?"

"గిదేం సవాల్ మేడం? పాతయి అమ్ముతందుకు నేనేమన్న కబాడీ దుకాన్ పెట్టిన్నా?"

"ఇంట్లో బిగించింది ఎవరు?"

"మా నర్సింలు, ఇంకొకడు. మంచిగ బిగించిండ్రు."

"వాళ్లు బిగించి బయటికొచ్చేటప్పుడు కోళ్లు నాలుగూ బాగున్నాయా? కోత గానీ, పగులు గానీ, అతుకు గానీ..."

"ఒక్క గీత గూడ లేదు."

"అంటే కోత పడింది మీవాళ్లు వెళ్లిపోయాక."

"గదే కదా నేను మొత్తుకునేది! మావోళ్లు ఎల్లినంకనే గామె కోసింది."

"ఇదే మీ మాట. రేపు మారదు కదా?"

"భూమేష్ మాట మారదు. రాసుకోండ్రి."

రాసుకోవడం దేనికి, ఫోన్ వింటూనే ఉంది. ఆయన ఎంత ధీమాగా చెప్తే నాకు అంత మంచిది. నేను లేచి నిలబడేసరికి సేఠ్ కులాసాగా నవ్వాడు.

"మంచం సూస్తందుకు పోతున్నరా? జల్ది పోండ్రి. టెస్టింగ్ కోసమని మా దేవిదాస్ తీస్కరావోయిండు. గీపాటికి బండ్ల ఎక్కించే ఉంటడు."

"టెస్టింగ్ ఎక్కడ?"

"ఇంకేడ? మా గోదాంలనే."

వీడి పాడుగాను! ఆ గోదాంలోకి పోయిన మంచం మళ్లీ మంచంలా బయటికొస్తుందా? మెట్లు రెండేసి దిగి స్కూటీ తీశాను.

రేణుకమ్మ ఇంటి ముందు కులాసా వాళ్ల ట్రాలీ ఆటో ఆగి ఉంది. స్కూటీకి స్టాండు కూడా సరిగా వెయ్యకుండా లోపలికి ఉరికాను. చూసి, నవ్వు ఆపుకోలేకపోయాను.

మూడు కోళ్ల మీద ఒక మూలకు ఒరిగిన మంచం. ఎత్తుగా ఉన్న రెండో మూలన, దాని మీదే, రేణుకమ్మ కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి. షాపు మనిషి నర్సింలు, వాడి జతగాడు గోడకు ఆనుకుని నిలబడ్డారు. వాళ్లకు ముందు దేవిదాస్, చెమటలు కక్కుతూ.

"లే అవ్వా. మర్యాదగ చెప్తున్న."

"లేవ. నన్ను గూడ మంచంతోటే ఎత్తి బండ్లెయ్యి. నడి బజార్లకెళ్లి తీస్కపో. అందరు సూడనీ."

"గిట్ల జిద్దు చేస్తే ఎట్ల?"

"నేను కొన్న మంచం మీద నేను కూసున్న. నీకేంది నొప్పి?"

దేవిదాస్ నాకు కొత్తవాడు కాదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో నా పక్క బల్ల మనిషి. నేను బయటికొచ్చాక నా బల్ల కూడా ఆయనకే ఇచ్చారు. తర్వాత ఆయనా ఉద్యోగం మానేసి, వ్యాపారులు పిలిస్తే పోయి తనిఖీ చేసి రిపోర్టులు ఇస్తున్నాడు. ఎప్పుడు చూసినా ఆ రిపోర్టులు పిలిచినవాడి పక్కే ఉంటాయి. తెలివితక్కువవాడైతే పోనీలే అనుకుందును. మహా తెలివైనవాడు, అదే నా కడుపుమంట.

నన్ను చూసి నిట్టూర్చాడు. "అచ్చినవా పుష్పలతా? నీకు ఓడిపోయే కేసులే ఎట్ల దొరుకుతయి?"

"గెలిచేటియి అన్ని నువ్వే తింటున్నవు కదా. సరే, ఎవర్ని అడిగి ఈ ఇంట్లకు అచ్చినవు?"

"ఎస్సైకి చెప్పిన."

"చెప్పినవు. ఆయన తీస్కపొమ్మన్నడా?"

దేవిదాస్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"అనలే. అయితే మంచం ఈమెది, ఇల్లు ఈమెది. ఈమె లేవనంటుంది. ఇంక నువ్వు చేసేదేంది? చాయ్ తాగి పో."

"చాయ్ గూడ నేను పొయ్య" అంది రేణుకమ్మ.

నర్సింలు నవ్వబోయి, దేవిదాస్ చూపు చూసి ఆపుకున్నాడు. దేవిదాస్ వంగి, మంచం కిందున్న విరిగిన కోడు తీసి నా చేతిలో పెట్టాడు. "నీ నోటికేం తక్కువ లేదు గానీ, గిది సూసి మాట్లాడు."

చూశాను. విరిగిన చోట సగం మందం దాకా నున్నగా, తిన్నగా ఉంది. దాని మీద సన్నటి గీతలు వరసగా ఉన్నాయి. మిగతా సగం పీచులు పీచులుగా చీరుకుపోయి ఉంది.

"రంపం పండ్లు. సగం దాక కోసిండ్రు, తక్కింది బరువుకు చీరింది. కాదను సూస్త."

కాదనలేకపోయాను. అది రంపం కోతే. ఎవరో కోశారు. రేణుకమ్మ చేతులు మొదటిసారి ఆగాయి. "చెల్లె, మా ఇంట్ల రంపమే లేదు" అంది.

"అడిగితే పక్కింటోళ్లు ఇస్తరు" అన్నాడు దేవిదాస్.

నాకు ఒళ్లు మండింది. "భూమేష్ నీకేమైతడయ్యా? ఓ ఆడమనిషి మీద గింత నింద ఏస్తందుకు నీకు నోరెట్ల అస్తుంది?"

"నాకు దేవుడు అయితడు!" ఆయన గొంతు పెరిగింది. "నీకేం ఎర్క? పోయినేడు బోధన్‌ల మా చెల్లె రాధాబాయి మంచం మీదికెళ్లి పడ్డది. ఎన్నుపూస దెబ్బతిన్నది. గిప్పటికి గూడ తనంతట తాను లేవలేదు. గా మంచం గూడ కులాసాదే. మేమే బరువులు పెట్టి ఖరాబ్ చేసినమేమో అని నేను నోరు మూసుకున్న. సేఠ్ పిలవకుండనే ఇంటికొచ్చిండు. గీ మంచం మీకు అచ్చిరాలే, ఇంట్ల ఉంచొద్దని తీస్కపోయి ఇటుకబట్టీల కాలవెట్టిండు. ఇంకో మంచం పంపిండు. ఒక్క పైస ముట్టలే. గసొంటోడు అబద్ధం ఆడుతడా?"

ఆయన కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి. దేవిదాస్ అమ్ముడుపోయిన మనిషనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు, ఆయన ఋణపడిన మనిషి. ఆ సంగతి తెలిసి నా కోపం తగ్గలేదు గానీ, దిక్కు మారింది.

కోడు పట్టుకుని గడప దగ్గరికి, వెలుగులోకి వచ్చాను. కోత మీద వేలితో రాశాను. గీతల సందుల్లో ఏదో గట్టిగా, పెళుసుగా తగిలింది. ఎండిపోయిన జిగురు. కోసే మనిషి జిగురు ఎందుకు పూస్తుంది? ఇంకొంచెం వంచి చూస్తే, జిగురు లేని చోట్ల చెక్క పచ్చగా ఉంది. చీరిన సగంలో ఆ పచ్చదనం లేదు.

"రేణుకక్కా, మంచం ఇంటికొచ్చినప్పుడు ఏం చేసినవు?"

"ఏం చేస్తరు? అందరు చేసేదే. పసుపు నీళ్లతోటి కోళ్లు కడిగిన, బొట్లు పెట్టిన, కొబ్బరికాయ కొట్టిన. అటెన్కనే ఆయనను పండబెట్టిన."

"పసుపు యాడిది?"

"మా తల్లిగారి ఊరు మెండోర. చేన్ల పసుపు, మా అన్న పంపుతడు. నేను దుకాన్ పసుపు ముట్ట."

"ఎప్పుడు కడిగినవు? ఈ పిల్లలు పోయినంకనా?"

"యాడ పోయిండ్రు? బిగించి పానాలు, సుత్తెలు సదురుకుంటుండ్రి. కొబ్బరి ముక్కలు చేతిల పెట్టిన, తిన్నరు. అడుగు."

నర్సింలు వైపు తిరిగాను. వాడు దేవిదాస్‌ను చూశాడు, నన్ను చూశాడు. "తిన్నం మేడం" అన్నాడు. "ఆమె కోళ్లు కడుగుతుంటే పక్కకు జరుగుండ్రి అన్నది గూడ."

దేవిదాస్ నా చేతిలోంచి కోడు లాక్కుని చూశాడు. "ఏంది? గీ పచ్చదనమా? గిది టేకు రంగు. పసుపు కాదు."

"అవునా? అక్కా, నీ సున్నం డబ్బీ ఇయ్యి."

రేణుకమ్మ నడుముకు దోపుకున్న సంచిలోంచి సున్నం డబ్బీ తీసి విసిరింది. వేలికి కొంచెం సున్నం తీసుకుని, ముందు చీరిన సగం మీద అద్దాను. తెల్లగానే ఉంది. తర్వాత కోత మీద అద్దాను. వేలు తీసేలోపే ఎర్రబడింది. పసుపులో సున్నం పడితే ఏమవుతుందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. నర్సింలు జతగాడు "అబ్బో" అన్నాడు.

"కోసినంక పసుపు రాసిందేమో" అన్నాడు దేవిదాస్. గొంతులో మునుపటి బలం లేదు.

"రాస్తే చీరిన సగంల ఎందుకు లేదు? పసుపు నీళ్లు పోసిననాడు కోత ఉంది, చీలిక లేదు. నీళ్లు అతుకు సందులకెళ్లి లోపలికి దిగినయి. అప్పుడు షాపు మనుషులు ఈ ఇంట్లనే నిలబడి కొబ్బరి తింటున్నరు. ఇప్పుడు మీ దేవుడి మాట విను."

ఫోన్‌లో రికార్డు పెట్టాను. 'మావోళ్లు ఎల్లినంకనే గామె కోసింది. భూమేష్ మాట మారదు.' ఆ చిన్న గదిలో సేఠ్ గొంతు ఖంగుమని మోగింది.

రేణుకమ్మ ఏడ్చింది. ఇంతసేపటికి! కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నేను కోయలే అని నేను చెప్తే ఒక్కలు నమ్మకపోయిరి. మా ఇంటి పసుపు చెప్పింది."

"విరిగిన కోడును సగం మందం కోసి, కొత్త ముక్క అతికించి, పైన పాలిష్ కొట్టిండ్రు" అన్నాను. "గిది కొత్త మంచం కాదు దేవిదాస్."

"ఏదో అతుకు ఏసిండ్రనుకో. తయారీల తప్పు అయ్యుంటది. గంతమాత్రానికి పాత మంచమని ఎట్లంటవు?"

అంటాను. కానీ చూపించాలి కదా. రేణుకమ్మను తడిగుడ్డ అడిగాను. కోడు బయటివైపు ఆమె పెట్టిన బొట్లు మూడు ఉన్నాయి. గుడ్డ పెట్టి తుడవబోతుంటే ఆమె "అయ్యో, గట్ల తుడువకు చెల్లె" అంది. "తప్పదక్కా" అని ఒకటి తుడిచాను. వచ్చేసింది. కోడు తిప్పి, గోడ వైపుండే లోపలి ముఖం చూశాను. అక్కడా ఒక బొట్టుంది. గుడ్డ పెట్టి రుద్దాను. రాలేదు. గట్టిగా రుద్దాను. రంగైనా అంటలేదు.

గోటితో గీకి చూశాను. గోరు జారింది. బొట్టు పైన పాలిష్ ఉంది.

"అక్కా, ఇది నీదేనా?"

రేణుకమ్మ మంచం మీంచే మెడ చాచి చూసింది. "నాది కాదు. నేను ఏలితోటి పెడ్త. గిది సూడు, గాజు లెక్క గుండ్రంగ ఉంది, నడిమిట్ల ఖాళీ. గా ఖాళీల బియ్యం గింజ గూడ ఉంది. మేము బియ్యం అద్దం."

నిజమే. గుండ్రటి కుంకుమ వలయం, దాని మధ్య ఒక్క బియ్యపు గింజ. మొత్తం పాలిష్ కింద భద్రంగా ఉంది. ఎవరి ఇంట్లోనో, ఎవరో ఈ మంచానికి పూజ చేశారు. కానీ ఒకటి అర్థం కాలేదు. పాత మంచాన్ని కొత్తదని అమ్మేవాడు ఈ బొట్టు ఎందుకు ఉంచుతాడు? ఉప్పుకాగితం పెట్టి రెండుసార్లు రుద్దితే పోయేది.

ఆ మాటే పైకి అన్నాను.

"బొట్టును ఎట్ల గీకుతరు మేడం?" అన్నాడు నర్సింలు అదేం ప్రశ్న అన్నట్టు. "ముత్తైదువ పెట్టిన కుంకుమ. మా పాలిష్ ఆయన ఏమన్న చేస్తడు గానీ గది చెయ్యడు. సేఠ్ తిట్టినా ఇనడు. లోపలి దిక్కు తిప్పి, మీదికెళ్లి పాలిష్ కొట్టేస్తడు. ఏ మంచమైనా గంతే."

తానేమన్నాడో నర్సింలుకు అప్పుడు తెలిసింది. నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏ మంచమైనానా?" అన్నాను. "ఎన్ని మంచాలు నర్సింలూ?"

వాడు చెప్పేలోపు దబ్బుమని చప్పుడైంది. దేవిదాస్ నేల మీద కూలబడ్డాడు. కోడు ఆయన ఒళ్లో ఉంది. ఆ బొట్టు మీద బొటనవేలు పెట్టి, తీసి, మళ్లీ పెడుతున్నాడు.

"బొక్క పైస" అన్నాడు.

"ఏంది?"

"మా అమ్మ, మా ఆయి దగ్గర పాత పైస ఉండేది. నడిమిట్ల బొక్క. దాన్ని కుంకుమల అద్ది బొట్టు పెట్టేది. నడిమిట్ల ఒక్క బియ్యం గింజ. ఎద్దులకు, బండికి, తలుపుకు, అన్నిటికి గదే. మా ఊర్ల ఇంకెవ్వలు పెట్టరు. పోయేటప్పుడు గా పైసను రాధ చేతిల పెట్టింది." ఆయన నా వైపు చూశాడు. "పుష్పలతా, గిది మా రాధ మంచం. గిది కాలిపోయింది కదా?"

ఇన్నేళ్ల పోటీలో ఆయన్ను ఒక్కసారైనా నేల మీద కూర్చోబెట్టాలని ఎంత అనుకున్నానో. ఇప్పుడు కూర్చుంటే చూడలేకపోయాను.

నేను తేరుకునేలోపే ఆయన ఫోన్ తీశాడు. "ఆగు దేవిదాస్!" అన్నాను. వినలేదు.

"సేఠ్, రాధ మంచం కాల్చినవా, లేదా?"

"గిప్పుడు గదేంది? కాల్చిన అని ఆనాడే చెప్పిన కదా. గా మంచం బండ్ల ఎక్కిందా?"

"మా ఆయి పైస బొట్టు గీ కోడు మీద ఎట్లుంది సేఠ్? పాలిష్ కింద ఎట్లుంది? నా చెల్లె నడుము ఇరగ్గొట్టిన మంచం ఇంకో ఇంటికి అమ్ముకున్నవా? థూ! నిన్ను దేవుడన్ననురా నేను!"

ఫోన్ తెగింది.

"ఎంత పని చేసినవయ్యా!" అన్నాను. "మనకు తెలిసిన సంగతి ఆయనకు తెలిసిపోయింది. ఇప్పుడు ఆయన రుజువులన్ని మాయం చేస్తడు..." అంటూ నర్సింలు వైపు తిరిగాను. "నర్సింలూ, రాధాబాయికి పైసలు తీసుకోకుండా పంపిన మంచం... అదైనా కొత్తదేనా?"

నర్సింలు నేల చూపులు చూశాడు. "ఉత్తగ ఇచ్చేటియి కొత్తయి ఎట్లుంటయి మేడం?" అన్నాడు మెల్లగా. "యాడికెళ్లి అచ్చిందో నాకు ఎర్కలేదు. పాలిష్ అయినంక అన్ని ఒక్కతీరే కనవడ్తయి."

దేవిదాస్ చెల్లెలికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. బావ తుకారాంకు చేశాడు. ఆయన చెరుకు చేనులో ఉంటే ఫోన్ అందదు. మళ్లీ చెల్లెలికి చేశాడు.

అప్పుడు రేణుకమ్మ చాట పక్కన పెట్టింది. పొద్దున్నుంచి ఎవరు లేపినా లేవని మనిషి, కొంగు నడుముకు దోపుకుని మంచం దిగింది.

"గీన్నే కూసుంటరా? నడువుండ్రి బోధన్‌కు."

"అక్కా, ఐదింటికి నువ్వు ఎస్సై ముందట ఉండాలె" అన్నాను. "లేకపోతే కేసు రాస్తడు."

"రాసుకోమను. సారీ అడిగినోన్ని ఆడ్నే కూసోమను. పిల్ల ఒక్కతే గసొంటి మంచం మీద పడి ఉంటే నేను ఠాణాల కూసుంటనా? నా మొగుడు పడ్డది చాలదా?"

ఆమె తలుపుకు తాళం వేసింది. దేవిదాస్ ఒళ్లోంచి కోడు తీసుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు చంకనేసుకుంది. నేను కోడు ఫొటోలు, సేఠ్ రికార్డు ఎస్సైకి పంపాను. 'సారీ రావడం లేదు, కోడు వస్తోంది. ముందు బోధన్‌కు మనిషిని పంపండి, ఒక ఆడమనిషి ప్రాణం మీదికొచ్చింది' అని రాధాబాయి ఇంటి గుర్తులు రాశాను.

ట్రాలీ దగ్గర నర్సింలు వెనకాడాడు. "సేఠ్ బండి కదా. అడిగితే ఏం చెప్పాలె?"

"రేణుకమ్మ ఎత్కపోయిందని చెప్పు" అంది రేణుకమ్మ ముందు సీటు ఎక్కుతూ. "ఇంకో కేసు పెట్టుకోమను."

మంచం తీసుకుపోవడానికి వచ్చిన బండి మమ్మల్ని ఎక్కించుకుని బోధన్ రోడ్డు పట్టింది. వెనక ఇనుప రేకుల మీద నేనూ దేవిదాస్ ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన రీడయల్ చేస్తూనే ఉన్నాడు. నన్ను చూడటం లేదు. నేనూ ఆయన్ను ఏమీ అనలేదు. అనడానికి ఇన్నేళ్లుగా దాచుకున్న మాటలు చాలానే ఉన్నాయి గానీ, అవి ఆగుతాయి.

జానకంపేట దాటాక ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కాడు.

"దాదా, గిన్నిసార్లు చేసినవేంది? ఫోన్ అందకుండ కింద పడ్డది." రాధాబాయి గొంతు పలచగా ఉంది. "సేఠ్ మనుషులు ఇప్పుడే అచ్చిండ్రు. వాళ్లే తీసిచ్చిండ్రు."

"సేఠ్ మనుషులా?"

"అవు. మంచం మారుస్తరట. ఇంకా మంచిది పంపిండట. నువ్వే చెప్పినవంట కదా?"

దేవిదాస్ ఫోన్ నా వైపు చాచాడు. నేను ముందుకు వంగి, "అమ్మా రాధా, నేను మీ అన్న దోస్తును. నీ మంచం ఎట్లుంది? చప్పుడు చేస్తుందా?" అని అడిగాను.

"నిన్నటి సంది కిర్రుమంటుంది. ఆయన కోడు కింద అట్టముక్క పెట్టి చేనుకు పోయిండు."

ముందు సీట్లో రేణుకమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. ఆమె చంకలో ఉన్న కోడు నర్సింలు భుజానికి తగిలింది.

"వాళ్లను ముట్టనియ్యకు రాధా!" దేవిదాస్ అరిచాడు. "మంచం మీద చెయ్యి పెట్టనియ్యకు! నేను అస్తున్న, ఆగుమను! ఫోన్ వాళ్లకియ్యి!"

"లేవలేను, ఆయన అచ్చేదాక ఆగుండ్రి అని చెప్పిన దాదా. ఇనరు. జల్ది తీస్కరమ్మన్నడట సేఠ్." ఆమె గొంతు దూరమైంది, ఎవరితోనో మాట్లాడుతోంది. "ఏ, ఆగుండ్రి... నేను ఉండంగనే ఎట్ల..." మళ్లీ దగ్గరికొచ్చింది. "దాదా, నన్ను మంచంతోటే ఎత్తుతున్నరు."

ఫోన్ తెగలేదు, మాట ఆగిపోయింది. ఆ తర్వాత కిర్రుమన్న చప్పుడు మాత్రం బండిలో ఉన్న అందరికీ వినబడింది.